బస్సులో కూర్చుంటే ‘ఆన్’ ఎందుకు?

సందేహం: మా పాప తొమ్మిదో తరగతి. ‘ఐ యామ్ ఇన్ ద బస్’ అని రాస్తే టీచర్ ‘ఇన్’ కొట్టేసి ‘ఆన్’ వేశారు. తెలుగులో అన్నిటికీ ఒక్క ‘లో’ సరిపోతుంది గదా, ఇంగ్లీషుకే ఇన్ని ప్రిపొజిషన్లు ఎందుకండీ?
– ఒక తండ్రి, హాలియా

సమాధానం: టీచర్ దిద్దింది సరైనదే. లోపల లేచి నడవగలిగే బస్సు, రైలు, విమానాలకు ‘ఆన్’. వంగి ఎక్కి కూర్చునే కారు, ఆటోలకు ‘ఇన్’. పాపను అలా గుర్తు పెట్టుకోమనండి. మనకైతే ‘బస్సు మీద’ అంటే టాపు మీదే. నా చిన్నప్పుడు చెర్వుగట్టు జాతరకు అలాగే పోయేవాళ్లం, కండక్టర్ కేకలేస్తున్నా దిగకుండా.

కానీ మనకు ఒక్క ‘లో’ సరిపోతుందన్న మాట ఒప్పుకోను. మీరే ‘పదింటి బస్సుకు వస్త’ అంటారు, ‘బండి మీద వస్త’ అంటారు. వీటిలో ‘లో’ ఏది? కాలం చెప్పేటప్పుడు చూడండి: ‘మార్చిలో’, ‘తొమ్మిదింటికి’, ‘పొద్దున’. సోమవారానికైతే ఏమీ తగిలించం, ‘సోమవారం వస్త’ అంతే. ఇంగ్లీషువాడు అక్కడా ‘ఆన్’ పెట్టాల్సిందే. ‘పొద్దున’ చివరి ‘న’ బడిలో వల్లించిన ‘అందు, న – సప్తమి’లోదే. అన్నట్టు, ఆ విభక్తుల పట్టికలో ‘లో’ ఉన్నది సప్తమిలో కాదు, ‘కి, కు, యొక్క’ల పక్కన షష్ఠిలో!

పిల్లలకు అసలు చిక్కు వేరే చోట ఉంది. ‘ఆయనతో పెళ్లయింది’ అంటాం కాబట్టి ‘మ్యారీడ్ విత్’ అని రాస్తారు, ‘టు’ ఉండాలి. ‘లెక్కల్లో దిట్ట’ కాస్తా ‘గుడ్ ఇన్ మ్యాథ్స్’ అవుతుంది; ‘ఎట్’ ఉండాలి. ‘గురించి చర్చించారు’ నుంచి ‘డిస్కస్డ్ అబౌట్’ పుడుతుంది. అక్కడ ‘అబౌట్’ అక్కర్లేదు. విడిగా ‘ఎట్’ అంటే ఇది, ‘టు’ అంటే అది అని బట్టీ పట్టిస్తే లాభం లేదు. ‘మ్యారీడ్ టు’, ‘గుడ్ ఎట్’ అని జంటగానే నోటికి రావాలి. ‘యాంగ్రీ విత్ మీ’ని ‘నాతో కోపం’ అని ఎవరైనా అంటారా? మన కోపం ఎప్పుడూ ‘మీదే’. అయినా పేపర్లలో ఇంగ్లీషు ‘డిస్కషన్ ఆన్’ను చూసి ‘సాగర్ నీళ్లపై చర్చ’ అని రాస్తూనే ఉన్నారు. ‘గురించి’ అనే మాట ఉండగా ఆ ‘పై’ నాకు రుచించదు. నీళ్ల మీద పడవేసుకొని మాట్లాడుకున్నట్టుంటుంది.

ఇంకొకటి. మీ ఉత్తరం చివర ‘హాలియాల ఉంటం’ అని రాసి, కొట్టేసి, ‘హాలియాలో ఉంటాం’ అని దిద్దారు. పరీక్ష పేపర్లో అయితే సరే. నాకు రాసేటప్పుడు కొట్టేయనక్కర్లేదు, మా ఇంట్లోనూ ‘ల’నే.