కుక్కపిల్లకు కులగోత్రాలెందుకు, బుజ్జీ

కనిగిరి

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు కుక్కపిల్లను తెచ్చుకుంటున్నావని మీ నాన్న ఇందాక ఫోన్లో చెప్పాడు. చిన్నప్పుడు మా కొట్టంలో దూడ చెయ్యి నాకితే ఊరంతా వినబడేలా ఏడ్చినదానివి, ఇప్పుడు నెల్లూరులో ఒక్కదానివే ఉంటూ ఒక మూగజీవాన్ని సాకుతానంటున్నావు. నాకెంత సంతోషమయిందో చెప్పలేను. మీ పెద్దమ్మకు చెప్పిందే మళ్ళీ చెప్పాను. అయితే మాటల మధ్యలో మీ నాన్న ఇంకోటి కూడా అన్నాడు. మొన్న దాన్ని చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆడుకుంటూ నీ వేలు కొరికిందని, చుక్క రక్తం వచ్చిందని, "పాలపళ్ళే కదన్నా" అని.

ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. నీకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మీ పెద్దమ్మ ఈ కాగితాలు ఫొటో తీసి వాట్సాప్‌లో పెడుతుంది. ఎప్పుడు చూస్తే అప్పుడే వేలు సబ్బుతో, కుళాయి నీళ్ళ కింద పావుగంట కడుక్కో. రెండు రోజులయినా సరే, కడుక్కో. పొద్దున్నే దర్గామిట్టలో మీ ఇంటి దగ్గరే ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళి, కుక్క కరిచిందని, రక్తం వచ్చిందని స్పష్టంగా చెప్పు. రక్తం వచ్చిందంటే పిచ్చికుక్క (రేబీస్) సూదులతో పాటు గాయం దగ్గర వేసే సీరం కూడా కావాలేమో వాళ్ళు చూస్తారు. చర్మానికి వేసేదయితే మొదటి సూది వేసిన రోజును సున్నాగా లెక్కేసి 0, 3, 7, 28 రోజులకు. కండకు వేసేదయితే 14వ రోజు కూడా. ఆ కుక్కపిల్లను పది రోజులు కనిపెట్టి చూడమని ఆ ఇంటివాళ్ళకు చెప్పు. కూనలకు పిచ్చి ఉండదని ఎవరన్నా అంటే వినొద్దు. ఆఫీసుకు లేటవుతుందని కూడా చెప్పొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. దాని తల్లి లాబ్రడార్ అట, తండ్రి ఎవరో తెలియదట. దాని బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పి జన్యు పరీక్షకు పంపిస్తే ఏ జాతి ఎంత శాతమో రాసిస్తారని, ఆ రిపోర్టు వచ్చాకే తెచ్చుకోవాలా వద్దా తేల్చుకుంటానని అన్నావట. జాతి అంటే నాకు గౌరవమే తల్లీ. ఉద్యోగమంతా పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసినవాణ్ణి, ఒంగోలు గిత్తల జిల్లావాణ్ణి. మన ఆవులు సముద్రాలు దాటి బ్రెజిల్ పోయి, అక్కడ మీ ఊరి పేరుతోనే నెలోర్ జాతి అయి, మందలు మందలుగా పెరుగుతున్నాయి. చదలవాడ పశుక్షేత్రంలో ఏ కోడె ఏ ఆవుకు పుట్టిందో రాసి పెట్టుకుంటారంటే దానికో లెక్కుంది. రేపు పుట్టబోయే దూడకు ఆ మూపురం, ఆ కాళ్ళ బలం, ఎండను ఓర్చుకునే గుణం రావాలి. గొర్రెల్లోనూ జోడిపి అంటాం, పల్ల అంటాం, చూసి ఎంచుకుంటాం. సంతానం కోసం చూసే చూపు అది. నీ పిల్లకు ఈడొచ్చాక ఆపరేషన్ చేయిస్తావు, అది ఈనదు. తాతముత్తాతల చిట్టా పెట్టుకుని ఏం చేస్తావు?

ఇంకో సంగతి. తండ్రి మన వీధికుక్కే అయితే, దాన్ని నాలుగు జాతులు కలిసిపోయిన కలగూర అనుకోకు. మన నాటుకుక్కలు ఈ జాతులన్నీ పుట్టకముందే ఉన్నాయి. సీమకుక్కల జాతుల్లో చాలావాటిని పేరు పెట్టి, కొలతలు పెట్టి విడదీసింది పందొమ్మిదో శతాబ్దంలోనే. లండన్‌లో కెన్నెల్ క్లబ్ పెట్టిందే 1873లో. పరీక్ష చేసేవాళ్ళు తమ దగ్గర దాచుకున్న జాతుల నమూనాలతో పోల్చి పేరు చెబుతారు. వాళ్ళ దగ్గర మన ఊరకుక్కల నమూనాలు సరిగ్గా లేకపోతే, దగ్గరగా కనబడిన ఏదో ఒక జాతి పేరు తగిలిస్తారు. ఆ పేరు పట్టుకుని నువ్వు గూగుల్లో వెతుకుతావు, అది "కోపిష్టి జాతి" అంటుంది, నీకు టెన్షన్ మొదలవుతుంది.

పేరును బట్టి గుణం చెప్పడం కూడా అంత తేలిక కాదు. 2022లో సైన్స్ పత్రికలో ఒక అమెరికా పరిశోధన వచ్చింది. నాతో పనిచేసిన డాక్టరుగారు చదివి వినిపించారు. 18 వేలకు పైగా కుక్కల గురించి పెంచేవాళ్ళను అడిగి, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులు చూశారు. కుక్కకూ కుక్కకూ ప్రవర్తనలో కనబడే తేడాల్లో జాతిని బట్టి చెప్పగలిగింది సుమారు 9 శాతమేనట. మా ఆసుపత్రి వరండాలో నేను చూసిందీ అదే. ఒకే ఈతలో పుట్టిన రెండు పిల్లల్లో ఒకటి సూది చూడగానే నా ఒళ్ళోకే దూరేది, రెండోది బల్ల కింద చేరి గుర్రుమనేది.

జాతి తెలిస్తే ఉపయోగపడేవి లేకపోలేదు. లాబ్, షెపర్డ్ రక్తం ఉంటే తుంటి కీళ్ళు కనిపెట్టి ఉండాలి, బరువు పెరగనివ్వకూడదు. లాబ్రడార్లలో సుమారు నాలుగింట ఒకదానికి ఆకలి తీరనివ్వని జన్యులోపం ఉంటుంది. అది నీ వంక ఎంత దీనంగా చూసినా కొలిచే పెట్టు. చప్పిడిముక్కు జాతి కలిస్తే మన రోహిణి కార్తె ఎండల్లో ఊపిరాడక అల్లాడుతుంది. గొర్రెలు కాసే కోలీ జాతి రక్తం ఉన్నవాటిలో కొన్నిటికి ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు మోతాదు కాస్త ఎక్కువయితే మెదడుకెక్కుతుంది. ఇక్కడ గోమార్లు పట్టాయని గొర్రెలకు తెచ్చిన ఆ సూదిమందే అందాజుగా కుక్కకూ పొడిచేస్తారు. ఏ జాతిదయినా సరే, నువ్వు ఆ పని చెయ్యనివ్వకు. ఈ కబుర్లన్నీ నువ్వు చూపించే పశువుల డాక్టరు కుక్కపిల్లను పట్టుకుని, తూకం వేసి, నడిపించి చూసి చెప్పగలడు. అనుమానం వస్తే ఆ ఒక్క జన్యువుకే పరీక్ష రాస్తాడు.

ఇంతగా ఎందుకు చెబుతున్నానో విను. మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు.

పొదిలి వైపు ఒక ఊళ్ళో నేను పనిచేసేటప్పుడు, పొగాకు ఆరబెట్టే బ్యారన్లున్న ఒక ఆసామి మద్రాసు నుంచి ఆల్సేషియన్‌ను తెచ్చాడు. టైగర్ అని పేరు. దానితో పాటు ఒక కాగితం ఇచ్చారు, దాని తాతముత్తాతల పేర్లన్నీ ఇంగ్లీషులో టైపు కొట్టి. ఎవరొచ్చినా ఆ కాగితం తీసేవాడు. తీసి తీసి మడతల దగ్గర చిరిగితే వెనక బ్రౌన్ పేపరు అంటించి పెట్టుకున్నాడు. ఒక రాత్రి ఎక్కడిదో కుక్క గేటు దగ్గర టైగర్ మీద పడి చెవి చీల్చింది. కుట్లు వేయడానికి మేం వెళ్ళాం. డాక్టరుగారు పిచ్చికుక్క సూది వేయిద్దామన్నారు. ఆసామి ఒప్పుకోలేదు. "అది ఊరకుక్కల జబ్బండీ. ఇది ఇంట్లో పాలూ గుడ్లూ తిని పెరిగేది" అన్నాడు.

రెండు నెలలు దాటాక అది తిండి మానేసింది. కింది దవడ వేలాడిపోయి, నోట్లోంచి తీగలు తీగలుగా సొంగ. కరవడం లేదు, అరవడం లేదు, మూలన నిలబడి ఉంది. పిచ్చి అంటే ఎగబడి కరవడమే అనుకుంటారు జనం. అది చచ్చుబడిపోయే రకం కూడా ఉంటుంది. గొంతులో ఎముక ఇరుక్కుందనుకున్నారు. రోజూ దానికి అన్నం కలిపి పెట్టే జీతగాడు, పదహారేళ్ళ పిల్లవాడు, వాడి మాటయితే వింటుందని వాడిచేత నోట్లో చెయ్యి పెట్టించి వెతికించారు. పొగాకు కోసి కోసి వేళ్ళన్నీ పగిలి ఉన్నాయి వాడికి. మాకు కబురు వచ్చి మేం వెళ్ళేసరికి వాడు ఉగాదికి వాళ్ళ ఊరెళ్ళిపోయాడు. డాక్టరుగారు చూడగానే చెప్పేశారు. దాని సొంగ తగిలినవాళ్ళందరూ వెంటనే సూదులు వేయించుకోవాలి, ఒక్కరిని కూడా వదలొద్దన్నారు. మూడో రోజుకు కుక్క పోయింది. అప్పట్లో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. ఇంట్లోవాళ్ళు పిల్లాపీచుతో సహా ఒంగోలు పోయి వేయించుకున్నారు. జీతగాడికి కబురు పంపాలని ఎవరికీ తోచలేదు. పండగ వెళ్ళి తిరిగొచ్చాక కూడా ఎవరూ చెప్పలేదు.

ఎండాకాలం చివర్లో వాడికి జ్వరం తగిలింది. చేతికి తిమ్మిర్లన్నాడు. తర్వాత నీళ్ళ చెంబు దగ్గరకు తెస్తే గొంతు బిగుసుకుపోయేది. నేను వెళ్ళి చూశాను బుజ్జీ. గుటక వెయ్యాలని ఉంటుంది, వెయ్యలేడు. వాళ్ళమ్మ తడిగుడ్డ పెదాలకు ఆనిస్తుంటే ఒళ్ళంతా ఎగిరిపడేది. లక్షణాలు మొదలయ్యాక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. ఆ ఇంట్లో టైగర్ ముత్తాత పేరు చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చు. ఈ పిల్లవాడిది ఏ ఊరని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

కాబట్టి నీకు కావలసింది ఆ పిల్లకు సంబంధించి గత రెండు మూడు నెలల చరిత్ర. తల్లికి ఏటా సూదులు వేయించారా? ఆ కార్డు చూపించమను. ఈని ఎన్నాళ్ళయింది, తల్లి దగ్గర ఎన్నాళ్ళుంది? ఎనిమిది వారాలన్నా ఉండకపోతే తీసుకోవద్దు. పొదలకూరు రోడ్డులో అది ఉన్న ఇంటికి ప్రహరీ ఉందా, వీధికుక్కలు లోపలికి వస్తాయా? దాన్ని ఏదైనా కరిచిందా? మిగతా కూనలు బాగున్నాయా, రక్తవిరేచనాలతో ఏదైనా పోయిందా? పోయి ఉంటే అది పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. ఇంకెవరెవర్ని కొరికిందో కూడా అడుగు. ఆ ఇంట్లో అంట్లు తోమే ఆవిడనూ, ఆవిడ పిల్లలనూ కలిపి అడుగు. మొహమాటపడకు.

తెచ్చుకున్నాక ఏలికపాముల మందు, ఆరు వారాలు దాటాక మొదలుపెట్టే పార్వో, డిస్టెంపర్ అనే అంటుజబ్బుల సూదులు, మూడు నెలలకు పిచ్చికుక్క సూది, దానికి బూస్టరు, తర్వాత ఏటా. అవి పూర్తయ్యేదాకా వీధిలో దింపొద్దు. చాక్లెట్, ఉల్లిపాయ, ద్రాక్ష పెట్టొద్దు. ఇంటి ఓనరును ముందే అడుగు. పెద్దయితే ముప్పై కిలోలు ఉండొచ్చు. దాచిపెట్టి పెంచి, తర్వాత గొడవయితే దాన్ని వదిలేయాల్సి వస్తుంది. వదిలేయడం మాత్రం నేను ఒప్పుకోను. ఆ పరీక్షకు దాచిన డబ్బు ఆపరేషన్‌కు ఉంచు. అప్పటికీ సరదాకు చేయించుకుంటానంటే చేయించుకో, తిట్టను. తెచ్చుకోవాలా వద్దా అన్నది మాత్రం ఆ కాగితం మీద వదలకు. వెళ్ళి దాని పక్కన గంటసేపు కూర్చో. గిన్నె కింద పడేసి, ఉలిక్కిపడి మళ్ళీ దగ్గరకు వస్తుందో లేదో చూడు. తింటున్నప్పుడు మనిషి పక్కకు వస్తే ఎట్లా ఉంటుందో చూడు.

మీ నాన్న నీకు గట్టిగా చెప్పలేడు, నువ్వంటే వాడికి అంత ముద్దు. నాకూ ముద్దే, అందుకే చెబుతున్నా. రేపు ఆసుపత్రిలో సూది వేయించుకున్నాక వాళ్ళిచ్చే చీటీ ఫొటో తీసి నాకు పంపు. తర్వాతి తేదీలు మా క్యాలెండరు మీద రాసిపెట్టుకుని నేనే గుర్తు చేస్తాను. పిల్ల ఇంటికి వచ్చిన వారం మీ పెద్దమ్మా నేనూ బస్సెక్కి వస్తాం. మొదటి సూదికి దాన్ని నేనే పట్టుకుంటాను.

ఆశీస్సులతో,
పెదనాన్న