ఒక అధికారి హత్య వార్త నీ చేతికొస్తే

అమ్మా శిరీషా,

నిన్ను మీ పేపర్లో రాత్రి వార్తలు దిద్దే నైట్ డెస్క్‌కి మార్చారని మీ నాన్న చెప్పాడు. మంచిదే. ఫోన్లో నువ్వడిగినదానికి రెండు ముక్కల్లో ఏదో చెప్పి పెట్టేశాను గానీ, తర్వాత నాకే తృప్తిగా అనిపించలేదు. అందుకే ఈ ఉత్తరం.

పెద్ద కంపెనీ అధికారి మీద దాడి జరిగింది. కింద కామెంట్లలో జనం చప్పట్లు కొడుతున్నారు. టీవీల్లో యాంకర్లు ఆ జనాన్ని తిడుతున్నారు. ఈ రెంటి మధ్యా కూర్చుని మనం ఏం రాయాలి, ఇదీ నువ్వడిగింది. విశాఖలో డెస్క్ మీద కూర్చున్నవాళ్లకి ఇది ఎక్కడో అమెరికా గొడవ మాత్రమే కాదు. గాజువాక నుంచి పరవాడ, అచ్యుతాపురం దాకా ఎటు చూసినా ఫ్యాక్టరీ గేట్లే. ప్రతి గేటు దగ్గరా ఎవరో ఒకరికి ఏదో ఒక కోపం ఉంటుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. హత్య ఒక వార్త. ఆ కంపెనీ వల్ల జనం పడిన బాధ ఇంకో వార్త. రెండూ రాయాలి, విడివిడిగా రాయాలి. రెంటినీ ఒకే ఐటమ్‌లో కలిపేస్తే చంపినవాడి తరఫున మనం వకాల్తా పుచ్చుకున్నట్టు ఉంటుంది. లేదంటే, బాధపడ్డవాళ్లందరినీ తీసుకెళ్లి వాడి పక్కన నిలబెట్టినట్టు ఉంటుంది. హత్య జరిగింది కదా అని రెండో వార్త అసలు రాయకపోతే అది ఇంకా అన్యాయం.

న్యూయార్క్ సంగతే చూడు. 2024 డిసెంబర్ 4 పొద్దున యునైటెడ్ హెల్త్‌కేర్ అనే ఆరోగ్య బీమా కంపెనీ సీఈఓ బ్రయాన్ థాంప్సన్‌ని ఒక హోటల్ బయట కాల్చి చంపారు. ఇన్వెస్టర్ల సమావేశానికి వెళ్తున్నాడు. యాభై ఏళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. దొరికిన ఖాళీ తూటా తొడుగుల మీద క్లెయిములు ఆలస్యం చేయడం, తిరస్కరించడం గురించిన మాటలు రాసి ఉన్నాయి. మాతృసంస్థ ఫేస్‌బుక్‌లో సంతాపం పెడితే దాని కింద వేల సంఖ్యలో నవ్వు బొమ్మలు పడ్డాయి. మూడు రోజులకు అదే ఊళ్లో ఒక పార్కులో, పోలీసులు వెతుకుతున్న మనిషి పోలికలున్నవాళ్లకి పోటీ కూడా పెట్టారు. డిసెంబర్ 9న లూయీజీ మాంజియోనే అనే కుర్రాణ్ణి పెన్సిల్వేనియాలో పట్టుకున్నారు. తాను నిర్దోషినని అతను కోర్టులో చెప్పాడు. కాబట్టి కోర్టు తేల్చేదాకా మన కాపీలో, అంటే మనం రాసే వార్తలో, అతను నిందితుడే, హీరో కాదు, హంతకుడూ కాదు.

ఆ నవ్వు బొమ్మలు వార్తా, కాదా? వార్తే. కాకపోతే పది కామెంట్ల స్క్రీన్‌షాట్లు అతికించి ‘నెటిజన్ల సంబరం’ అని హెడ్డింగ్ పెట్టడం పని తప్పించుకోవడం. కామెంట్లు కూర్చుని చదువు. అందులో రెండు రకాల మనుషులు కనిపిస్తారు. ఒకడు ఊరికే ఎగతాళి చేస్తాడు. వాడికి ఒక్క వాక్యం చాలు. ఇంకొకామె, మా అమ్మకి స్కానింగ్ కావాలని డాక్టర్ రాస్తే కంపెనీ ఒప్పుకోలేదు అని రాస్తుంది. ఆమె నీ రెండో వార్త. ఆమెకి మెసేజ్ పెట్టు, ఫోన్ నంబరు అడుగు, కాగితాలు చూపించమను, కంపెనీ వెర్షన్ తీసుకో. అప్పుడు రాయి. ఆ వార్తలో తుపాకీ ప్రస్తావన రానక్కర్లేదు. హత్య జరగకపోయినా ఆ వార్త నిలబడాలి. నిలబడకపోతే అది వార్త కాదు, హత్యకి తగిలించిన తోక.

మన పాఠకులకి అదే సందర్భంలో పనికొచ్చేది ఇంకొకటి ఉంది. ఆరోగ్య బీమా క్లెయిము తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి, అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. మన రాష్ట్రానికి ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, ఫీజు లేదు. న్యూయార్క్ వార్తకి అన్ని వ్యూస్ వచ్చిన వారం ఇలాంటి సింగిల్ కాలమ్ ఎన్ని చోట్ల వచ్చిందో నువ్వే వెతికి చూడు.

సర్వే అంకెలతో కూడా జాగ్రత్త. ఆ డిసెంబర్‌లోనే ఎమర్సన్ కాలేజీ వాళ్లు అమెరికా ఓటర్లని అడిగారు. ఆ చర్య ఆమోదయోగ్యం కాదన్నవాళ్లు 68 శాతం, ఆమోదయోగ్యమే అన్నవాళ్లు 17 శాతం. 18 నుంచి 29 ఏళ్ల వాళ్లలో మాత్రం ఆమోదయోగ్యమే అన్నవాళ్లు 41 శాతం. హెడ్డింగ్‌లోకి ఏ అంకె ఎక్కుతుందో నీకు తెలుసు. 41 నిజమే, భయపెట్టే నిజం కూడా. కానీ 68 లేకుండా 41 ఒక్కటే వేస్తే పాఠకుడికి ఆ దేశమంతా చప్పట్లు కొట్టినట్టు కనిపిస్తుంది. రెండూ ఇంట్రోలోనే, అంటే వార్త మొదటి పేరాలోనే ఉండాలి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. యానాం నీకు తెలుసు. పరిపాలన పుదుచ్చేరిదే అయినా మనుషులు మనవాళ్లే, కాకినాడ పక్కనే. 2012 జనవరి 27న రీజెన్సీ సిరామిక్స్‌లో జరిగింది డెస్క్‌లో కొత్తగా చేరిన ప్రతివాళ్లూ చదవాలి. జీతాల మీద, ఉద్యోగాల మీద గొడవ అప్పటికే నడుస్తోంది. ఆ తెల్లవారుజామున గేటు దగ్గర పోలీసుల చర్య తర్వాత కార్మిక నాయకుడు మురళీమోహన్ చనిపోయాడు. పోలీసు దెబ్బల వల్లే పోయాడని కార్మికులు అన్నారు. ఆ కబురు పాకాక గుంపు కంపెనీ ప్రెసిడెంట్ కె.సి. చంద్రశేఖర్ మీద పడింది. దెబ్బలతో ఆయన చనిపోయాడు. ఫ్యాక్టరీ తగలబడింది, పోలీసులు కాల్పులు జరిపారు.

దీనికి ఇంట్రో రాయి చూద్దాం. ‘కంపెనీ ప్రెసిడెంట్‌ను కార్మికులు కొట్టి చంపారు’ అని మొదలుపెట్టి మురళీమోహన్‌ని ఆరో పేరాలో పెట్టావనుకో. ప్రతి వాక్యం నిజమే ఉంటుంది, మొత్తం వార్త మాత్రం అబద్ధమవుతుంది. ‘కార్మిక నాయకుడి మృతితో కట్టలు తెంచుకున్న ఆగ్రహం’ అని మొదలుపెట్టినా అంతే. ఆగ్రహమే ఏదో దానంతట అది వెళ్లి ఒక మనిషిని కొట్టినట్టు ఉంటుంది. ఆగ్రహానికి చేతులు లేవమ్మా, మనుషులకే ఉన్నాయి. ఇద్దరు చనిపోయారు. ఇద్దరి పేర్లూ మొదటి పేరాలోనే రావాలి. ఆ తర్వాత గడియారం చూసి రాయి. ఎన్ని గంటలకి ఏం జరిగింది, ఎవరు చూశారు, ఎవరు చెప్పారు. ఒక్కో గంటకి ఒక్కో సోర్స్ పెట్టుకో. సోర్స్ లేని గంట దగ్గర విశేషణం పెట్టాలనిపిస్తుంది. పెట్టకు.

అంకెల సంగతి మానేసర్ నేర్పుతుంది. 2012 జులై 18న హర్యానాలోని మారుతి ఫ్యాక్టరీలో హింస చెలరేగి, ఉద్యోగుల వ్యవహారాలు చూసే హెచ్ఆర్ జనరల్ మేనేజర్ అవనీశ్ కుమార్ దేవ్ మంటల్లో చనిపోయాడు. 148 మంది కార్మికుల మీద విచారణ నడిచింది. 2017 మార్చిలో కోర్టు 31 మందిని దోషులుగా తేల్చింది, వాళ్లలో 13 మందికి హత్య కేసులో యావజ్జీవం వేసింది. మిగతా 117 మంది నిర్దోషులుగా బయటికొచ్చారు. మొదటి రోజు రాత్రి ‘హంతక కార్మికులు’ అని రాసే చెయ్యి ఆ 117 మందిని కూడా కలిపేసుకుంటుంది. ఐదేళ్ల తర్వాత వాళ్ల విడుదల ఎంత జాగాలో వస్తుందో నేను చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి గమనించు. కోయంబత్తూరులో 2009లో ప్రికాల్ కంపెనీ గొడవలో చనిపోయిన రాయ్ జార్జ్ కూడా హెచ్ఆర్ అధికారే. ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికొచ్చిన కోపం, నిర్ణయం తీసుకున్న బోర్డు గదిదాకా వెళ్లదు. ఆర్డరు కాగితం చేతికిచ్చిన మనిషి దగ్గరే ఆగుతుంది. అందుకే ‘యాజమాన్యంపై దాడి’ అని రాసేముందు, పోయినాయన ఉద్యోగం ఏమిటో, ఆ నిర్ణయంలో ఆయన చెయ్యి ఎంతో కనుక్కో.

పెద్దవాళ్లు కూడా మొదటి రోజు నోరు జారతారు. 2008 సెప్టెంబర్‌లో గ్రేటర్ నోయిడాలో గ్రాజియానో కంపెనీ సీఈఓ లలిత్ కిశోర్ చౌదరిని కొట్టి చంపినప్పుడు, అప్పటి కేంద్ర కార్మిక మంత్రి ఆస్కార్ ఫెర్నాండెజ్ ఇది యాజమాన్యాలకి హెచ్చరిక కావాలన్న అర్థంలో మాట్లాడి, తర్వాత క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆయన ఉద్దేశం కార్మికుల కష్టం చెప్పడమే అయ్యుండొచ్చు. కానీ శవం లేవకముందే చెప్పాడు, ఆ చావునే పాఠంగా చూపించి చెప్పాడు. సంపాదకీయాలు రాసే మన పెద్దలకీ ఈ జబ్బుంది. నువ్వు చిన్నదానివి, వాళ్లకి చెప్పలేవు. నీ కాపీలోకి రానివ్వకుండా చూసుకో.

టీవీ యాంకర్ల సంగతి తొందరగా ముగిస్తాను. జనం రాక్షసులైపోయారని అరవడానికి సమాచారం అక్కర్లేదు, గొంతు చాలు.

విశాఖ మాట చెప్పకుండా ఎలా? 2020 మే 7 తెల్లవారకముందే ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ అనే విష రసాయనం ఆవిరి పక్కనున్న ఆర్ఆర్ వెంకటాపురం మీదికి వచ్చింది. పన్నెండు మంది పోయారు. రెండు రోజుల తర్వాత ఊరివాళ్లు మృతదేహాలతో ఫ్యాక్టరీ గేటు దగ్గర బైఠాయించారు. ఈ కంపెనీ ఇక్కడ వద్దు, తీసేయండి అన్నారు. అదీ కోపమే, కడుపు కాలిన కోపం. దానికొక డిమాండ్ ఉంది. జులైలో కంపెనీ సీఈఓతో సహా పన్నెండు మందిని పోలీసులు అరెస్టు చేశారు. కంపెనీ మీద జనాగ్రహం అంటే దాడి వార్త ఒక్కటే కాదు, ఇదీ ఆ వార్తే. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఎసైన్షియా ఫార్మా ప్రమాదంలో 17 మంది చనిపోయారు. ఆ పదిహేడు పేర్లలో ఒక్కటి చెప్పమంటే మీ డెస్క్‌లో ఎంతమంది చెప్పగలరు? ఒక సీఈఓ పేరు ప్రపంచమంతా పలికినప్పుడు కామెంట్లలో ‘మరి మావాళ్లు పోయినప్పుడో’ అని ఎవరైనా అడిగితే అది హత్యని సమర్థించడం కాదు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు కామెంట్లలో ఇవ్వకూడదు, మన పేజీల్లో ఇవ్వాలి.

అది మన చేతిలో పనే. యూనియన్ ప్రెస్‌నోట్ వస్తే నాలుగు లైన్లకి కుదిస్తాం, గాయపడితే సింగిల్ కాలమ్, రక్తం పారితే బ్యానర్. ఇలా ఏళ్ల తరబడి చేసి, జనం రక్తం వైపు ఎందుకు చూస్తున్నారని మనమే ఆశ్చర్యపోతే ఎలాగమ్మా? ఆ నాలుగు లైన్ల ప్రెస్‌నోట్ వచ్చిన రోజే స్ట్రింగర్‌ని, అంటే అక్కడి స్థానిక విలేకరిని, గేటు దగ్గరికి పంపించు.

చిన్న విషయాలు కొన్ని. నిందితుడి ఫోటో ఒక్కసారి వేస్తే చాలు. న్యూయార్క్‌లో పోలీసులు విడుదల చేసిన హాస్టల్ సీసీటీవీ బొమ్మలో అతను నవ్వుతున్నాడు, ఆ నవ్వే అభిమానులకి పోస్టర్ అయింది. అతను రాసిన లేఖ దొరికితే పూర్తి పాఠం వేయకు, కేసుకి అవసరమైనంత చెప్పు. పోయినాయన ఇంటివాళ్లని కేజీహెచ్ ఆసుపత్రి మార్చురీ దగ్గర ‘ఇప్పుడు మీకేమనిపిస్తోంది’ అని అడగొద్దని రిపోర్టర్‌కి నువ్వే ముందు చెప్పు. ఆన్‌లైన్‌లో వార్త మీద పెట్టే థంబ్‌నెయిల్ బొమ్మ నీ చేతిలో లేదని నాకు తెలుసు. పెట్టిన కుర్రాడితో గొడవ పడకు, ఆ రాత్రే ఇన్‌ఛార్జికి మెయిల్ పెట్టి ఉంచు.

ఒక డైరీ పెట్టుకో. ఘటన తేదీ, పోలీస్ స్టేషన్, ఎఫ్ఐఆర్ నంబరు, అరెస్టయినవాళ్ల సంఖ్య, కోర్టు పేరు రాసుకో. ఆర్నెల్లకోసారి స్ట్రింగర్‌కి ఫోన్ చేసి ఎవరు బెయిల్ మీద వచ్చారు, ఎవరి పేరు ఛార్జిషీటులో లేదు, ఫ్యాక్టరీ తెరిచారా, పాత బకాయిలు ఇచ్చారా అని అడుగు. జవాబు వచ్చిన ప్రతిసారీ ఐటమ్ వెయ్యి, చిన్నదైనా సరే.

ఆదివారం మీ నాన్నతో కలిసి మర్రిపాలెం రా. నువ్వు రాసిన కాపీలు రెండు మూడు ప్రింట్ తీసుకురా. ఫోన్‌లో చదవడం నా కళ్లకి కష్టం.

మీ పెదనాన్న