అత్తగారు, పిల్లలతో అమలాపురం నుంచి కాకినాడ: పార్కు, సాయంత్రం ఆరుబయట ప్రోగ్రాం ఎలా ప్లాన్ చేసుకోవాలి?

మోకాళ్ల నొప్పులున్న అత్తగారు, ఇద్దరు పిల్లలు, పార్కులో కాసేపు ఆట, సాయంత్రం ఆరుబయట పాటల ప్రోగ్రాం. ఇదే కదండీ మీరడిగింది. మేమూ ఇంచుమించు ఇలాంటి బలగంతోనే ఆ దారిలో వెళ్తుంటాం. నా సలహా ఒక్కటే, పొద్దున్నే బయల్దేరకండి. పదకొండుకి పార్కుకి చేరిన వాళ్లు ఒంటిగంటకల్లా ఎండకి వాడిపోతారు. తీరా స్టేజీ మీద లైట్లు వెలిగేసరికి పిల్లలు ఒళ్లో నిద్ర, పెద్దావిడకి నడుం నొప్పి. ఇంట్లోనే భోంచేసి, ఆవిడ కాసేపు నడుం వాల్చాక బయల్దేరితే చాలు.

ముమ్మిడివరం, ఎదుర్లంక, యానాం, కోరంగి, కాకినాడ అన్నీ 216 జాతీయ రహదారి మీద వరసగా వస్తాయి. ఎదుర్లంక దగ్గర గోదారి మీద వంతెన లేని రోజుల్లో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) కోసం కాచుకునేవారని మా పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు. ఇప్పుడా టెన్షన్ లేదు. మధ్యలో ఒక్కచోట ఆగండి, రెండు చోట్ల వద్దు. పిల్లలు కాస్త పెద్దవాళ్లయితే కోరంగి బాగుంటుంది. మడచెట్ల మధ్య చెక్కబాట మీద నడుస్తుంటే బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన వేళ్లు, ఆ బురదలోనే గెంతే చేపలు కనిపిస్తాయి. మావాళ్లయితే అక్కణ్నుంచి కదలరు. పెద్దావిడ అలిసిపోతే మీలో ఒకరు ఆవిడతో వెనక్కి వచ్చేయొచ్చు. బోటు షికారు మాత్రం సముద్రపు ఆటుపోట్ల మీద ఆధారపడి ఉంటుంది, పిల్లలకి ముందే మాటివ్వకండి. ఆవిడ అంత నడవలేరనుకుంటే కోరంగి వదిలేసి యానాంలో గోదారి ఒడ్డున కూర్చోవడమే మేలు. నేల చదునుగా ఉంటుంది, గాలీ బాగా వస్తుంది.

ఇక ప్రోగ్రాం. పార్కులో గానీ బీచ్‌లో గానీ ఆరింటికి అన్నారంటే ఏడు దాటుతుంది. సౌండ్ చెకింగ్, అతిథులు, శాలువాలు, ఉపన్యాసాలు అన్నీ అయ్యాకే పాట. ఆ గంటలో పిల్లల్ని ఉయ్యాలల దగ్గర ఆడించి, తెచ్చుకున్న పులిహోర పెట్టేయండి. ముందు వరస కోసం పోటీపడొద్దు. స్పీకర్ బాక్సులకి దూరంగా, బాత్‌రూమ్‌కి దగ్గరగా, పక్క నుంచి లేచి వెళ్లడానికి వీలున్న చోటు చూసుకోండి. చాప మన కోసం, పెద్దావిడకి మాత్రం మడతకుర్చీ డిక్కీలో వేసుకోవాల్సిందే. కిందకి కూర్చుంటే లేవడానికి ఇద్దరు పట్టుకోవాలి, అది ఆవిడకీ చిన్నతనంగా ఉంటుంది. దోమల క్రీము, చలికాలమైతే ఆవిడకి శాలువా, పిల్లల జేబులో ఫోన్ నంబర్ రాసిన చీటీ మర్చిపోవద్దు. జనం ఎక్కువైతే ఒక్కోసారి ఫోన్ కలవదు, అందుకే తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో వెళ్లగానే చెప్పేయండి.

ఆఖరి పాట దాకా ఉండాలని లేదు. రెండు పాటల ముందే లేస్తే పార్కింగ్‌లో ఇరుక్కోరు. రాత్రి ఆ రోడ్డు మీద లారీలు ఉంటాయి, డ్రైవింగ్ చేసేవారికి కాస్త ఓపిక మిగలాలి కదా.

మీరు వెళ్లే రోజు కాకినాడలో ఏ ప్రోగ్రామూ లేదంటే రాజమండ్రి వెళ్లొచ్చు. పుష్కర ఘాట్‌లో సాయంత్రం గోదావరి హారతి ఇస్తారు. అయితే అక్కడ మెట్లున్నాయి, అత్తగారిని కిందకి దింపకుండా పైనే కుర్చీ వేసి కూర్చోబెట్టండి.

ఏ నెలో మీరు రాయలేదు. కార్తీకమాసం ఆదివారాలైతే పార్కులూ తోటలూ వనభోజనాల వాళ్లతో నిండిపోతాయి. ప్రశాంతత కావాలంటే అప్పుడు వద్దు. సందడే కావాలంటే వాళ్ల మైకులో అంత్యాక్షరి, మ్యూజికల్ చైర్స్ ఎలాగూ ఉంటాయి, వేరే ప్రోగ్రాం అక్కర్లేదు. ఆ రోజుల్లోనే తుఫాన్లూ వస్తాయి కాబట్టి బయల్దేరే ముందు వాతావరణం ఓసారి చూసుకోండి.