టెక్ సందేహాలు: స్క్రబ్బర్ నీళ్లు లాగడం లేదు, మోటార్ మార్చాలా?

ప్రశ్న: మా ఫంక్షన్ హాల్లో నేల కడిగే బ్యాటరీ స్క్రబ్బర్ ఉంది. బ్రష్ తిరుగుతోంది, నీళ్లు పడుతున్నాయి. మురికి నీళ్లను మాత్రం లాగడం లేదు. వ్యాక్యూమ్ మోటార్ పోయిందని మెకానిక్ అంటున్నాడు. ఏడాది క్రితమే ఒకసారి మార్చాం. మళ్లీ మార్చాలా? మేమే మార్చుకోవచ్చా?

జవాబు: ముందు స్విచ్ వేసి వినండి. మోటార్ శబ్దం గట్టిగా వస్తూ నీళ్లు లాగకపోతే తప్పు చాలావరకు మోటార్‌ది కాదు. వెనక స్క్వీజీ (నేలకు ఆనుకుని మురికి నీళ్లను పోగుచేసే రబ్బరు పట్టీ) నుంచి ట్యాంకుకు వెళ్లే పైపు ఊడదీసి చూడండి. పెళ్లిళ్ల హాలు కదా, అక్షింతలు, పూరేకులు, టిష్యూ ముక్కలు అందులో గట్టిగా కూరుకుపోతాయి. మురికి నీళ్ల ట్యాంకు మూత రబ్బరు చిరిగినా, డ్రెయిన్ పైపు బిరడా వదులైనా గాలి అక్కడి నుంచే వచ్చేస్తుంది. స్క్వీజీ రబ్బరు అంచు అరిగితే తిప్పి వేయండి.

అసలు శబ్దమే లేకపోతే మల్టీమీటర్ తీయండి. స్విచ్ వేసి, మోటార్ కనెక్టర్ దగ్గర డీసీ వోల్టేజీ చూడండి. 24 వోల్టుల యంత్రమైతే అటూ ఇటూగా అంత రావాలి. రాకపోతే ఫ్యూజో, రిలేనో, స్విచ్చో చూసుకోవాలి. వోల్టేజీ వస్తున్నా తిరగకపోతే అప్పుడు మోటార్ మీదే అనుమానం. కొన్నిసార్లు మోటార్‌లో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్లు మాత్రమే అరిగి ఉంటాయి. అవి ఆనుకుని ఉండే, తిరిగే రాగి భాగం నున్నగా ఉంటే కార్బన్లు మారిస్తే చాలు, గుంటలు పడి కాలిపోయి ఉంటే మాత్రం మోటారే మార్చాలి.

మీరే మార్చుకోవచ్చు. అయితే ముందు బ్యాటరీ కనెక్టర్ పీకేయండి. ట్యాంకులు రెండూ ఖాళీ చేయండి. ఏ తీగ ఎక్కడుందో ఫోన్లో ఫొటో తీసుకోండి. శాశ్వత అయస్కాంతం ఉన్న డీసీ మోటార్‌కు ప్లస్, మైనస్ తారుమారైతే వెనక్కి తిరుగుతుంది, లాగుడు బాగా పడిపోతుంది. కొత్తది కొనేటప్పుడు వోల్టేజీ, వ్యాసం, ఎత్తు, లోపలి ఫ్యాన్ల సంఖ్య పాతదానితో సరిపోవాలి. పొడి దుమ్ము లాగే వ్యాక్యూమ్ క్లీనర్ మోటార్ చవగ్గా దొరికిందని వేయొద్దు. అందులో లాగిన గాలే మోటార్ లోపలి నుంచి వెళ్తుంది, ఇక్కడ ఆ గాలిలో తేమ ఉంటుంది. తడి పనికి బైపాస్ మోటారే కావాలి, దాన్ని చల్లబరిచే గాలికి వేరే దారి ఉంటుంది. మోటార్ కింది గ్యాస్కెట్ కూడా కొత్తది వేయండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ "ఏడాది క్రితమే" అన్న మాట. అంత త్వరగా పోయిందంటే లోపలికి నీళ్లు వెళ్తున్నాయేమో చూడాలి. ట్యాంకు నిండగానే గాలి దారిని మూసేసే ఫ్లోట్ ఒకటి ఉంటుంది. జిడ్డు పట్టి అది ఇరుక్కుపోతే నీళ్లు నేరుగా మోటార్‌లోకే వెళ్తాయి. నురుగైతే ఇంకా ప్రమాదం, ఫ్లోట్ పైకి లేవకుండానే దాన్ని దాటి పోతుంది. మీ వాళ్లు బట్టల సబ్బు పొడి కలుపుతున్నారేమో అడగండి. స్క్రబ్బర్‌కు నురుగు తక్కువ వచ్చే ద్రావణమే వాడాలి. పని అయ్యాక స్క్వీజీ పైకెత్తి ఒకటి రెండు నిమిషాలు వ్యాక్యూమ్‌ను ఉత్తగా నడపండి, ట్యాంకు కడిగి మూత తెరిచే ఉంచండి.

పాత మోటార్‌ను అప్పుడే పారేయకండి. విప్పి చూడండి. ఫ్యాన్ వైపు బేరింగ్ తుప్పు పట్టి, ఫ్యాన్ మీద సబ్బు చారలుంటే, ఫ్లోట్ సంగతి తేల్చేదాకా కొత్త మోటార్ బిగించొద్దు.