బుజ్జమ్మకు, హాస్టల్‌కు వెళ్ళే ముందు

బుజ్జమ్మా,

మధురవాడలో ఉద్యోగం వచ్చిందని, ఒకటో తారీఖు నుంచి హాస్టల్లో ఉంటావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. వెంటనే దేవుడి దగ్గర దీపం పెట్టాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. గాజువాకకీ మధురవాడకీ ఎంత దూరం అమ్మమ్మా అంటావు. దూరం గురించి కాదే నా దిగులు. ఇన్నాళ్ళూ నీ ముఖం పాలిపోతే మీ అమ్మ కనిపెట్టేది. ఇకమీదట నీ ఒంటిని నువ్వే చూసుకోవాలి.

టిఫిన్ మానకు. ఆఫీసులో బాత్రూమ్‌కి వెళ్ళాల్సొస్తుందని నీళ్ళు తాగడం తగ్గించకు. ఏడాదికోసారి బీపీ, బరువు చూపించుకో. స్నానం చేసేటప్పుడు రొమ్ములో గడ్డలా ఏదైనా తగిలితే దాచుకోకు. నీ వయసులో అవి చాలావరకు ప్రమాదం లేనివే, కానీ ఆ మాట డాక్టరు చూసి చెప్పాలి.

హెచ్‌పీవీ అనే వైరస్ సోకకుండా వేసే టీకా నీకు చిన్నప్పుడు వేయించలేదు. 15 ఏళ్ళు దాటాక మొదలుపెడితే మూడు డోసులు. మొదటిది వేశాక 2 నెలలకు ఒకటి, 6 నెలలకు ఇంకొకటి. పెళ్ళి కాని పిల్లకి ఇప్పుడే ఎందుకని ఎవరైనా అంటే పట్టించుకోకు. ఆ వైరస్ సోకకముందు వేయించుకుంటేనే బాగా పనిచేస్తుంది. గర్భాశయ ముఖద్వారానికి వచ్చే కేన్సర్‌కి దాదాపు ఎప్పుడూ ఆ వైరసే మూలం. టీకా వేయించుకున్నా 30 దాటాక ఆ కేన్సర్ పరీక్షలు మానకూడదు. మా పక్కింటావిడకి తోడుగా అగనంపూడి కేన్సర్ ఆసుపత్రికి నెలల తరబడి తిరిగాను. అందుకే పదిసార్లు చెబుతాను, విసుక్కోకు.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

1978. నాకు నీ వయసే, 21. నెలసరి తొమ్మిది, పది రోజులు ఉండేది. మన ఇంటి ఆడవాళ్ళకి అంతేలే అనేది మా అమ్మ. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. వంటింట్లో ఎవరూ లేనప్పుడు గుప్పెడు బియ్యం నోట్లో పోసుకునేదాన్ని. నీ పెళ్ళినాడు వాన పడుతుందే అని అందరూ నవ్వేవారు. ఒంట్లో రక్తం తగ్గితే అలాంటి యావ పుడుతుందని మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఒకరోజు కాలేజీలో కళ్ళు తిరిగి పడిపోయాను. పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 6. ఆడవాళ్ళకి 12 ఉండాలి. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసి, రేపు మీ అమ్మని తీసుకురా అంది. ఆ ఆదివారమే నాకు పెళ్ళిచూపులు. రోగిష్టి పిల్ల అంటారని హడలిపోయాను. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ట్రంకు పెట్టె అడుగున పరిచిన పేపరు కింద, కలరా ఉండల పక్కన దాచేశాను. మాత్రలు వారం వేసుకున్నాను. విరేచనం నల్లగా అయ్యేసరికి భయపడి మానేశాను. ఐరన్ వేసుకుంటే అలా అవడం మామూలేనట. ఒక్కమాట అడిగుంటే చెప్పేవారు.

పెళ్ళయింది. సింహాచలం మెట్లమీద పదేసి మెట్లకోసారి ఆగిపోతుంటే కొత్త పెళ్ళికూతురి సిగ్గనుకున్నారు మీ తాతయ్య. మరుసటి ఏడాది, నెల ముందే మీ అమ్మ పుట్టింది, రెండు కిలోలు కూడా లేదు. కాన్పులో రక్తం పోవడం అందరికీ ఉండేదే, నా ఒంట్లో పోవడానికి ఏముంది? మూడు సీసాల రక్తం ఎక్కించారు. దానికోసం మీ తాతయ్య, మా అన్నయ్య రాత్రంతా పరుగులు తీశారు. మా అమ్మ నా పాదాలు రుద్దుతూ కూచుంది. ఆవిడ చేతులు నిప్పుల్లా తగులుతుంటే, నా కాళ్ళు ఎంత చల్లబడ్డాయో అప్పుడు తెలిసింది. ముందే తెలిసుంటే ఏదో ఒకటి చేసేదాన్ని కదే అని ఏడ్చింది. కాగితం సంగతి చెప్పలేకపోయాను. ఆవిడ పోయేదాకా చెప్పలేదు.

పోయిన వారం మా ఇంటికొచ్చినప్పుడు డబ్బాలోంచి బియ్యం తీసుకుని నమిలావు. మీ అత్త నవ్వింది. నాకు గుండె జారిపోయింది. నలుగురిలో అడగలేకపోయాను.

నెలసరి ఏడు రోజులు దాటుతోందా? గంటకోసారి ప్యాడ్ మార్చాల్సి వస్తోందా? రూపాయి బిళ్ళకంటే పెద్ద గడ్డలు పడుతున్నాయా? వీటిలో ఏది ఉన్నా అది మన ఇంటి వాటం కాదు, డాక్టరుకి చెప్పాల్సిన సంగతి. థైరాయిడ్ కావచ్చు, గర్భసంచిలో కణితి కావచ్చు, కారణం పట్టుకోవాలి. రక్తం బాగా తగ్గిపోయాక బీట్‌రూట్ రసంతో సరిపెట్టుకోకు. మాత్రలు రాస్తే నిమ్మరసంతో వేసుకో, టీ, కాఫీలకు గంటైనా ఎడం ఉండాలి. అంకె 12కి రాగానే ఆపేయకు, ఒంట్లో నిల్వ చేరడానికి ఇంకో మూడు నెలలు వాడమంటారు.

శనివారం మధురవాడ వెళ్ళి హాస్టల్ చూసుకుంటావటగా. తిరిగొచ్చేటప్పుడు ఇసుకతోట దగ్గర బస్సు దిగు, స్టాపులోనే ఉంటాను. హిమోగ్లోబిన్ పరీక్షకి పరగడుపున ఉండనక్కర్లేదు, తిని రా. ఇద్దరం వెళ్ళి రక్తం ఇచ్చొద్దాం, నాదీ చూపించుకుంటాను. కానాగంతల చేపల పులుసు పెట్టి ఉంచుతాను. రిపోర్టు సంగతి మీ అమ్మకి ఎప్పుడు చెప్పాలో నీ ఇష్టం, పెద్దదానివయ్యావు. నాకు మాత్రం ఆ కాగితం ఆ రోజే చూపించు తల్లీ.

మీ అమ్మమ్మ
పెదవాల్తేరు