సైకస్ ఆకులు పసుపుబారుతుంటే నీళ్లు పెంచాలా?

కుండీలోని సైకస్ (చిన్న ఈతచెట్టులా కనిపించే అలంకరణ మొక్క) ఆకులు పసుపుబారుతున్నాయి, నీళ్లు పెంచాలా అని అడిగారు. వద్దండి. నా మొదటి సైకస్‌ను నేను చంపుకున్నది ఆ పనితోనే. ఆకు కాస్త రంగు మారితే చాలు, దాహమనుకుని నీళ్లు పోసేవాణ్ని. ఒకరోజు కాండం మొదలు నొక్కి చూస్తే వేలు లోపలికి దిగింది. అప్పటికే కుళ్లిపోయింది.

పసుపుబారింది పాత ఆకులో కొత్త ఆకులో మీరు రాయలేదు. అసలు విషయం అక్కడే ఉంది. అడుగు వరుస మాత్రమే పండుతూ, పైన చిగురు బాగుంటే కంగారు అక్కరలేదు, వయసైపోయిన ఆకులవి. పూర్తిగా ఎండాక కోయండి. కొత్త ఆకులే పాలిపోయి, ముడుచుకుని, కొసలు మాడినట్టు వస్తే చాలావరకు మాంగనీస్ అనే పోషకం లోపం. మట్టిలో సున్నం ఎక్కువైతే మాంగనీస్ ఉన్నా వేళ్లకు అందదు. నా రెండో మొక్కకు ఇదే జరిగింది. మాంగనీస్ సల్ఫేట్ వేసి రోజూ తొంగి చూసేవాణ్ని. ఏ మార్పూ లేదు! దెబ్బతిన్న ఆకు మళ్లీ బాగుపడదనీ, ఫలితం తర్వాతి చిగురులోనే కనిపిస్తుందనీ ఆలస్యంగా తెలిసింది. ఈ మొక్క సాధారణంగా ఏడాదికి ఒకసారి, ఆకులన్నీ కలిపి ఒక్క వరుసగా వేస్తుంది. అందాకా ఎదురుచూడక తప్పలేదు.

ఆ చిగురు లేతగా ఉన్నన్నాళ్లు కుండీని కదపకండి. అప్పుడు వంగిన ఆకు వంగినట్టే గట్టిపడుతుంది. నీడ ఎక్కువైతే ఆకులు పొడవుగా సాగి వాలిపోతాయి.

ఇంకో తెలివితక్కువ పని కూడా చేశాను. మట్టి పైకి పగడాల గుత్తుల్లాంటి వేళ్లు పొడుచుకువస్తే తెగులనుకుని కత్తిరించాను. నిజానికి వాటిలో ఉండే సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. మీకు కనిపిస్తే అలాగే వదిలేయండి.

ఆకుల అడుగున తెల్లటి పొలుసులు ఉన్నాయేమో కూడా చూడండి. పొలుసు పురుగు పట్టినా ఆకు పసుపుబారుతుంది. తుడిచి, తోటల కోసం అమ్మే నూనె మందు చల్లాలి. ఒక్కసారితో పోదు.

ప్రస్తుతానికి నీళ్లు ఆపి, కాండం మొదలు నొక్కి చూడండి. గట్టిగా ఉంటే, పై రెండు అంగుళాల మట్టి ఎండాకే మళ్లీ పోయండి. మెత్తగా ఉంటే మొక్కను బయటికి తీసి, కుళ్లిన భాగం కోసేసి, గాయం ఆరాక ముతక ఇసుక ఎక్కువగా కలిపిన మట్టిలో నాటండి. కోసిన ముక్కలు కుక్కకు అందనివ్వకండి. మొక్కంతా విషమే, గింజల్లో మరీ ఎక్కువ, కాలేయం దెబ్బతింటుంది.