గడ్డ బరువెంతో లెక్క కట్టావా?

అమ్మాయీ,

ఉత్తరం, క్యాన్సర్ మీద నీ వ్యాసం అందాయి. భాష బాగుంది. కానీ మూడో పేజీలో "కణితి కార్చిచ్చులా రెట్టింపవుతూనే పోతుంది" అన్నావు చూడు, అక్కడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టేశాను.

కాగితం తీసుకో. ఒక్క కణం 30 సార్లు రెట్టింపైతే సుమారు 100 కోట్లు. అంటే దాదాపు సెంటీమీటరు గడ్డ, గ్రాము బరువు. ఇంకో 10 సార్లకు కిలో. మరో 6 సార్లకు 64 కిలోలు! నీ వాక్యాన్ని నమ్మితే రోగి కంటే గడ్డే బరువు. ఉపమానం రాసేముందు గుణకారం చెయ్యండర్రా అని నలభై ఏళ్ళుగా మొత్తుకుంటున్నాను. వినేదెవరు?

గడ్డ పెరిగేకొద్దీ దాని వేగం తగ్గుతుంది; గీసి చూస్తే పైకి లేచిన గీత వంగిపోతుంది. ఆ వంపుకు పేరిచ్చిన గోంపర్ట్జ్ డాక్టరు కాడు. లండన్‌లో బీమా లెక్కలవాడు, 1825లో మనుషుల మరణాల మీద ఆ సూత్రం కట్టాడు. అది జంతువుల్లోని కణితులకూ సరిపోతుందని 1964లో పరిశోధకురాలు అన్నా లెయిర్డ్ చూపింది. ఆ వంపునే తిరగేసి 1977లో నార్టన్, సైమన్ అనే పరిశోధకులు ఇంకో మాటన్నారు: మందుతో చిన్నదైన గడ్డ మళ్ళీ వేగం పుంజుకుంటుంది, దానికి అంత వ్యవధి ఇవ్వకూడదు. 2003లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్ ట్రయల్ ఫలితాలొచ్చాయి. అవే మందులు, అవే మోతాదులు, మూడు వారాలకు బదులు రెండు వారాలకోసారి, రక్తంలో తెల్లకణాలు పడిపోకుండా వేరే ఇంజెక్షన్‌తో. జబ్బు తిరగబెట్టడం తగ్గింది. క్యాలెండరు మారిందంతే! నీ వ్యాసంలో దీని ఊసే లేదు. కార్చిచ్చు మాత్రం నాలుగుసార్లు వచ్చింది.

నీ ఒక్కదాని తప్పు కాదులే. అంకె కనిపిస్తే పాఠకుడు పారిపోతాడనే ఎడిటర్ల చేతిలో పెరిగిన రాతలు చదువుకున్నావు. నా తొలి వ్యాసంలో 2 మీద ఘాతంగా వేసిన 30 కిందికి జారి, అచ్చులో "230 కణాలు" అయింది. ఫోన్ చేస్తే "ఎవరు లెక్కపెడతారండీ" అన్నాడా ఎడిటరు. వారం తిరక్కుండా ఒక లెక్కల మాస్టారి పోస్టుకార్డు వచ్చింది. పలకరింపు లేదు, సంతకం లేదు, ఎర్ర సిరాతో వరసగా 30 గుణకారాలు. ఆ కార్డు ఇప్పటికీ నా సొరుగులో ఉంది.

ఎక్కడికి పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. అవి తర్వాత. మూడో పేజీ తిరగరాసి పంపు, లెక్క చేసిన చిత్తు కాగితంతో సహా.

ఆశీస్సులతో,
మాష్టారు